అక్కర్లేనివాళ్లు పారేయండి అని చెప్పిన ఉత్తరం: ఒక ఏసీ కాంట్రాక్టర్ కేస్ స్టడీ

డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న సబర్బ్‌లలో ఇళ్ల ఏసీ, హీటర్ పనులు చేసే ఒక చిన్న కంపెనీ కేసు ఇది. యజమాని, ఇద్దరు టెక్నీషియన్లు, రెండు ట్రక్కులు, ఫోనెత్తడానికి యజమాని భార్య. ఇలాంటి కాంట్రాక్టర్ల తరఫున ఇంటి యజమానులకు పోస్టులో ప్రకటనలు పంపే పని నాది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, కాలనీల పేర్లు తీసేశాను, అంకెలు గుండ్రం చేశాను, గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

అమెరికాలో చిన్న వ్యాపారం పెట్టుకున్న మనవాళ్లు ప్రకటన అనగానే గూగుల్, ఫేస్‌బుక్ దగ్గరే ఆగిపోతున్నారు. పోస్టులో వచ్చేదంతా చెత్త అన్న చులకన ఉంది. దానికి కారణం లేకపోలేదు. ఈ కేసులో కూడా మొదట పంపినవాటిలో ఎక్కువ భాగం చెత్తబుట్టలోకే వెళ్లాయి.

ఆయన చెప్పిన సమస్య, లెక్కల్లో కనిపించిన సమస్య

ఏం కావాలని అడిగితే ఆయన చెప్పింది ఒకటే: ఫోన్లు రావాలి. నేను అంతకుముందు ఏడాది ఇన్‌వాయిస్‌లు తీసుకుని నెలలవారీగా విడదీశాను. జూన్ నుంచి ఆగస్టు దాకా పని చేతికి మించిపోతోంది. వచ్చిన ఫోన్లు ఎత్తడానికే తీరిక లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం ఒక ట్రక్కు దాదాపు ఖాళీ. వేసవిలో వచ్చే పనుల్లో కూడా ఎక్కువ భాగం కెపాసిటర్ మార్చడం, డ్రెయిన్ పైపులో నాచు తీయడం లాంటి చిన్న రిపేర్లు. పాత మెషీన్ తీసి కొత్తది పెట్టే పనిని ఇక్కడ చేంజవుట్ అంటారు. ఏడాది గడిచేది దాని మీదే. అవి తగ్గిపోయాయి.

అందుకని సమస్యను ఇలా తిరగరాసుకున్నాం: వేసవి రాకముందే, మెషీన్ పూర్తిగా చావకముందే, పాత మెషీన్ ఉన్న ఇంటి యజమానితో మాట మొదలుపెట్టాలి. జులైలో ఏసీ ఆగిపోయిన మనిషి ఫోన్‌లో వెతికి మొదట ఎత్తినవాళ్లను పిలుస్తాడు. ఆ పోటీలో ఇద్దరు టెక్నీషియన్ల కంపెనీ ముప్ఫై ట్రక్కుల కంపెనీని గెలవలేదు. గెలవాల్సిన అవసరం కూడా లేదు.

డబ్బు లెక్క కూడా ముందే వేసుకున్నాం. ఆ ప్రాంతంలో ఆయన చేసే మామూలు చేంజవుట్ సుమారు 12,000 డాలర్లు. మెషీన్, కూలీ, పర్మిట్ ఖర్చులు పోగా 3,500 దాకా మిగులుతుంది. కాబట్టి వంద కార్డులకు ఎంతమంది ఫోన్ చేశారన్నది మాకు అంత ముఖ్యం కాదు. ఒక చేంజవుట్ రావడానికి పోస్టు మీద ఎంత ఖర్చయింది? ఆ తర్వాత ప్రతి నిర్ణయాన్నీ ఈ ప్రశ్నతోనే కొలిచాం.

అప్పటికే చేసి చూసినవి

నా దగ్గరికి రాకముందు ఆయన రెండు ప్రయత్నాలు చేశారు. మొదటిది, పది రకాల వ్యాపారాల కూపన్లు ఒకే కవరులో వెళ్లే పద్ధతి. 29 డాలర్లకే ఏసీ ట్యూనప్, అంటే మామూలు సర్వీసింగ్, అని వేశారు. ఫోన్లు బాగానే వచ్చాయి. వచ్చినవాళ్లు 29 డాలర్ల పని చేయించుకుని వెళ్లిపోయారు. టెక్నీషియన్ గంటన్నర సమయం, పెట్రోలు కలిపితే ప్రతి పనిలోనూ నష్టమే. చవక బేరంతో పిలిస్తే చవక బేరం కోసమే వస్తారు, వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

రెండోది 2024 జూన్‌లో ఈడీడీఎం, అంటే ఎవ్రీ డోర్ డైరెక్ట్ మెయిల్. అమెరికా పోస్టల్ సర్వీస్ నడిపే ఈ పద్ధతిలో పేర్లు, చిరునామాల జాబితా అక్కర్లేదు. ఒక పోస్ట్‌మ్యాన్ తిరిగే దారిని క్యారియర్ రూట్ అంటారు. మ్యాపులో రూట్లు ఎంచుకుంటే ఆ రూట్లోని ప్రతి ఇంటికీ కార్డు వెళ్తుంది. చిన్న వ్యాపారులు వాడే రిటైల్ పద్ధతిలో ఒక జిప్ కోడ్‌కు రోజుకు 5,000 దాకా ఇవ్వొచ్చు. పోస్టేజీ మామూలు స్టాంపుతో పోలిస్తే చాలా తక్కువ. అచ్చు ఖర్చుతో కలిపి 4,800 కార్డులకు 2,000 డాలర్ల దాకా అయింది.

కార్డు చూడటానికి బాగానే ఉంది. ఎంచుకున్న రూట్లు మాత్రం ఆయన ఇంటికి దగ్గరవి, అంతకుమించి వాటికి ప్రత్యేకత లేదు. రూట్లను ఇంటివాళ్ల వయసు, ఆదాయం లాంటివి చూసి ఎంచుకోవచ్చు కానీ, సొంత ఇల్లా అద్దె ఇల్లా అని ఈడీడీఎం వేరుచేయదు. ఒక రూట్లో సగం అపార్ట్‌మెంట్లు. అద్దెకున్నవాళ్లకు ఏసీ చెడిపోతే ఓనర్‌కు చెప్తారు కానీ కాంట్రాక్టర్‌ను పిలవరు. ఇంకో రూట్లో ఇళ్లు కట్టి ఐదారేళ్లే అయింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ జూన్ నెల. కార్డులన్నీ ఒకే వారంలో పడ్డాయి. ఆ వారమే ఎండలు ముదిరాయి, ముగ్గురూ ఎవరిళ్లలోనో అటకలెక్కి పనిలో ఉన్నారు, ఫోన్లలో చాలా భాగం వాయిస్‌మెయిల్‌కు వెళ్లాయి. ఏసీ ఆగిన ఇంట్లో మనిషి వాయిస్‌మెయిల్ పెట్టి ఎదురుచూడడు.

పోస్టు పనికిరాదని ఆయన అప్పుడే తీర్మానించుకున్నారు. నేను తర్వాత ఆ ఏడాది మొత్తం పనుల చిరునామాలను క్యారియర్ రూట్లతో సరిచూశాను. ఆ రూట్ల నుంచే సెప్టెంబరులో ఒక చేంజవుట్ వచ్చింది. ఎలా తెలిసిందని అడిగితే, కార్డు ఫ్రిజ్ మీద ఉందని చెప్పారట. అంటే ఆ 2,000 కూడా పూర్తిగా మునగలేదు. కార్డు మీద ప్రత్యేక నంబరు లేదు, ఫోన్ చేసినవాళ్లను ఎవరూ అడగలేదు, కాబట్టి ఆయనకు తెలిసే దారే లేదు.

మనవాళ్ల ఇళ్లకు పంపిన కార్డులు

నేను వచ్చాక ఆయన మొదటి ఆలోచన ఇది. ఆయనకున్న భారతీయ కస్టమర్లు బంధువులకూ స్నేహితులకూ గట్టిగా సిఫారసు చేస్తారు. కాబట్టి ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు ఇంటిపేర్లు చూసి మీవాళ్లకే పంపుదాం అన్నారు. పేర్లను బట్టి వేరుచేసిన జాబితాలు అమ్మేవాళ్లు ఉన్నారు, కొనడం కష్టం కాదు.

నాకు నచ్చలేదు. ఆ వైపు మనవాళ్లు కొన్న ఇళ్లలో చాలా భాగం కొత్తవి. ఇల్లు కట్టినప్పుడు పెట్టిన మెషీన్‌ను రిజిస్టర్ చేస్తే సాధారణంగా విడిభాగాలకు 10 ఏళ్ల తయారీదారు వారంటీ ఉంటుంది. మార్చాల్సిన మెషీనే లేని ఇంటికి ఎంత మంచి కార్డు పంపినా ఏం లాభం? అయినా ఆయన మనసులో అది ఉండిపోతే తర్వాత ప్రతి దశలోనూ అడ్డొస్తుందని, చిన్న జాబితాతో ఒకసారి పంపించి చూపించాను. రెండు ట్యూనప్‌లు వచ్చాయి, అంతే. వాటిలో ఒకాయన కార్డు చూసి నేరుగా ఫోన్ చేయలేదు. ముందు కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి, వీళ్లెవరో ఎవరికైనా తెలుసా అని అడిగి, ఎవరో బాగానే చేస్తారు అన్నాక చేశారు. మనవాళ్లకు పోస్టుకార్డు కన్నా గ్రూపులో ఒక మాట ఎక్కువ. అది డబ్బిచ్చి కొనేది కాదు కాబట్టి ఆ దారి అక్కడితో వదిలేశాం.

ఇంకో రెండు ఆలోచనల్ని మొదట్లోనే పక్కన పెట్టాను. పనికి వెళ్లిన కాలనీలో టెక్నీషియన్లే మెయిల్‌బాక్సుల్లో కాగితాలు పడేస్తే పోస్టేజీ మిగులుతుంది కదా అన్నారు. హైదరాబాద్‌లో పేపరబ్బాయికి కొంత ఇస్తే పేపరు మధ్యలో పాంప్లెట్ పెట్టేస్తాడు, ఇక్కడ ఆ వీలు లేదు. స్టాంపు లేని ప్రకటనను ఇంటి మెయిల్‌బాక్సులో పెట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం జరిమానా పడే నేరం. రెండోది, ఒక ప్రింటర్ చూపించిన నమూనా: లేత పసుపు కాగితం, పైన ఎర్రటి అక్షరాల్లో ఫైనల్ నోటీస్, పన్ను శాఖ నుంచి వచ్చినట్టు కిటికీ కవరు. అందరూ తెరుస్తారు, నిజమే. తెరిచి, మోసం చేశారని తిట్టుకుంటారు. ప్రభుత్వ ఉత్తరమని భ్రమపడేలా పంపే మెయిల్ మీద 1999లో వచ్చిన ఫెడరల్ చట్టం కూడా ఉంది. ఇంట్లోకి పిలిచి పన్నెండు వేలు చేతిలో పెట్టాల్సిన మనిషితో పరిచయం అబద్ధంతో మొదలుపెట్టకూడదు.

జాబితా ఎలా తయారైంది

డైరెక్ట్ మెయిల్ చేసేవాళ్లలో పాత మాట ఒకటుంది: ఫలితంలో 40 పాళ్లు జాబితాది, 40 పాళ్లు మనం ఇస్తామన్నదానిది, మిగిలిన 20 మాత్రమే రాతకూ బొమ్మలకూ. అంకెల సంగతి ఎలా ఉన్నా వరుస సరైనదే. అందుకే మా సమయంలో ఎక్కువ భాగం జాబితా మీదే పెట్టాం.

టెక్సస్‌లో ప్రతి కౌంటీకి పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉంటుంది. దాని రికార్డులు ప్రజలు చూడొచ్చు. ఇల్లు కట్టిన ఏడాది, చదరపు అడుగులు, యజమాని పేరు, ఉత్తరాలు వెళ్లే చిరునామా, హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉందో లేదో అన్నీ అందులో ఉంటాయి. హోమ్‌స్టెడ్ మినహాయింపు అంటే సొంత ఇంట్లో ఉండేవాళ్లకు ఇంటి పన్నులో ఇచ్చే తగ్గింపు. అది ఉందంటే యజమాని ఆ ఇంట్లోనే ఉంటున్నట్టు. ఈడీడీఎం వేరుచేయలేని విషయం ఇక్కడ ఒక్క గడిలో తేలిపోతుంది.

ఏ ఏళ్ల ఇళ్లు? ఇక్కడ నన్ను నడిపించింది ఏసీ గ్యాస్. పాత మెషీన్లు ఆర్-22 అనే గ్యాస్‌తో నడుస్తాయి. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని అమెరికా దాన్ని దశలవారీగా ఆపేసింది. 2010 జనవరి 1 నుంచి ఆర్-22తో కొత్త మెషీన్ల తయారీ ఆగింది. 2020 జనవరి 1 నుంచి ఆ గ్యాస్ తయారీ, దిగుమతి కూడా ఆగిపోయాయి. ఇప్పుడు దొరికేది పాత నిల్వలు, పాత మెషీన్ల నుంచి తీసి శుద్ధి చేసిన గ్యాస్ మాత్రమే. అంటే 2010కి ముందు పెట్టిన మెషీన్ ఇంకా నడుస్తుంటే, దానికి లీకు వచ్చిన రోజున యజమాని ముందు ఖరీదైన ప్రశ్న నిలబడుతుంది. పైగా ఉత్తర టెక్సస్ ఎండకు ఏసీ పన్నెండు, పదిహేనేళ్లు వస్తే గొప్ప. 2000 నుంచి 2009 మధ్య కట్టిన ఇళ్లు, యజమాని అందులోనే ఉంటున్నవి ఎంచుకున్నాం.

ఆ తర్వాత జల్లెడ: ఈ ఊళ్లలో మెషీన్ మార్చాలంటే సిటీ నుంచి మెకానికల్ పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ల రికార్డులు కూడా అడిగితే ఇస్తారు. పర్మిట్ కనిపించిన ఇళ్లను తీసేశాం. ఆ కాలనీల్లో సుమారు 4,200 ఇళ్లుంటే చివరికి 1,300 మిగిలాయి.

ఈ జల్లెడకు చిల్లులున్నాయని తెలుసు. పర్మిట్ తీసుకోకుండా మెషీన్ మార్చేసే కాంట్రాక్టర్లు తక్కువేం కాదు. 2006 తర్వాత కట్టిన ఇళ్లలో కొన్నిటికి బిల్డర్ అప్పుడే కొత్త గ్యాస్ అయిన ఆర్-410ఏ మెషీన్ పెట్టేశాడు. జాబితాలో ఎవరింట్లో ఏముందో బయటి నుంచి చెప్పడం కుదరదు. ఆ లోటు పూడ్చే పని ఉత్తరానికి అప్పగించాం.

పేర్ల శుభ్రత గురించి ఒక మాట. రికార్డుల్లో అన్నీ పెద్దక్షరాల్లో, ఇంటిపేరు ముందు, భార్యాభర్తలిద్దరి పేర్లూ కలిపి ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే మన పేర్లు ముక్కలై, ఇంటిపేరుకే మిస్టర్ తగిలి వస్తాయి. వెయ్యి పేర్లను మనిషి కళ్లతో చూడటం విసుగు పనే. కానీ కవరు మీద సొంత పేరు తప్పుగా కనిపిస్తే లోపల ఏముందో ఎవరూ చూడరు.

ఉత్తరం

మెరిసే కార్డు కాకుండా మామూలు తెల్ల కవరు, నిజమైన స్టాంపు, ఒక పేజీ ఉత్తరం, కింద యజమాని సంతకం. స్టాంపు వేసి ఫస్ట్ క్లాస్‌లో పంపడానికి ఇంకో కారణం, చిరునామా తప్పయితే ఉత్తరం వెనక్కి వస్తుంది. చవకైన మార్కెటింగ్ మెయిల్ మామూలుగా తిరిగిరాదు, ఎటు పోయిందో తెలియదు. అప్పటికి స్టాంపు 73 సెంట్లు. అచ్చు, కవరుతో కలిపి ఉత్తరానికి డాలరు పైచిలుకు పడింది. మొదటిసారి ఆ ఖర్చు పెట్టి జాబితా శుభ్రం చేసుకుంటే, తర్వాత పంపేవి చవకగా పంపొచ్చు.

లోపల ఉన్నది క్లుప్తంగా ఇది. మీ కాలనీలో ఇళ్లు ఎక్కువగా ఫలానా ఏళ్ల మధ్య కట్టినవి. ఆ కాలంలో పెట్టిన ఏసీల్లో చాలావాటికి ఆర్-22 గ్యాస్ ఉంటుంది. ఇంటి పక్కనున్న మెషీన్ మీద చిన్న రేకు ఉంటుంది, చూడండి. దాని మీద ఆర్-410ఏ అని ఉంటే ఈ ఉత్తరం మీకు అక్కర్లేదు, పారేయండి. ఆర్-22 అనో హెచ్‌సీఎఫ్‌సీ-22 అనో ఉంటే కంగారు పడకండి. వాడుకోవడం చట్టవిరుద్ధం కాదు, చల్లగా నడిచినంత కాలం వాడుకోండి. గ్యాస్ లీకైతే మాత్రం రిపేరు ఖర్చు, మార్పిడి ఖర్చు పక్కపక్కన పెట్టి చూడాల్సి వస్తుంది. ఆ రెండు అంకెలూ ఎండలు రాకముందే కాగితం మీద కావాలంటే మేం వచ్చి చూసి ఉచితంగా రాసిస్తాం. కింద టీడీఎల్ఆర్, అంటే టెక్సస్ రాష్ట్ర లైసెన్సుల శాఖ, ఇచ్చిన లైసెన్సు నంబరు. టెక్సస్‌లో ఏసీ కాంట్రాక్టర్ ప్రకటన మీద అది ఉండి తీరాలి.

యజమానికి ఇది అస్సలు ఎక్కలేదు. డాలరు పెట్టి పంపిన ఉత్తరంలో పారేయండి అని రాయడమేంటని వాదించారు. నా వాదన ఇది. ఆయన దగ్గర అరుదైన వస్తువు టెక్నీషియన్ల సమయం. కొత్త మెషీన్ ఉన్న ఇంటి నుంచి వచ్చిన ప్రతి ఫోనూ ఒక ట్రక్కును అరపూట తినేస్తుంది. రేకు చూడమంటే ఆ ఇళ్లు వాటంతటవే తప్పుకుంటాయి. చూసి, ఆర్-22 అని చదివిన మనిషి అప్పటికే సగం దూరం నడిచాడు, అతనికి ఎవరూ అమ్మలేదు, తన కళ్లతో తనే చూసుకున్నాడు. అక్కర్లేదని చెప్పగలిగిన కాంట్రాక్టర్, అవసరం అని చెప్పినప్పుడు నమ్ముతారు.

మీ ఇల్లు ఫలానా ఏడాది కట్టారు, పర్మిట్ తీసుకోలేదు అని ఆ ఇంటి వివరాలే రాద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. అది రికార్డులో ఉన్నదే అయినా, ఎవరో తమ ఇంటి మీద నిఘా పెట్టారని అనిపిస్తుంది. కాలనీ స్థాయిలోనే ఆగాం.

పంపిన తీరు, వచ్చిన పని

2025 ఫిబ్రవరి మధ్యలో మొదలుపెట్టి వారానికి సుమారు 200 చొప్పున పంపాం. ఒక వారం ఉత్తరాలకు వచ్చే ఫోన్లను రెండు ట్రక్కులు ఆ వారంలోనే చూడగలగాలి అన్నదే ఆ అంకెకు ఆధారం. మూడు వారాల తర్వాత అదే ఇళ్లకు అదే విషయం గుర్తుచేసే పోస్ట్‌కార్డు, ఏప్రిల్‌లో ఇంకొకటి. పోస్ట్‌కార్డులను మార్కెటింగ్ మెయిల్‌లో పంపాం. దానికి ఒక విడతలో కనీసం 200 ఉండాలి. వెనక్కి వచ్చినవీ, అప్పటికే ఫోన్ చేసినవాళ్లవీ తీసేస్తే 200కు తగ్గుతున్నాయి. అందుకని రెండేసి వారాలవి కలిపి పంపాల్సి వచ్చింది.

ఫోన్ ఎత్తగానే యజమాని భార్య అడిగే మొదటి ప్రశ్న: రేకు మీద ఏముంది? ఆ జవాబు ఒక షీటులో రాసేవారు. ఫోన్లు తక్కువే వచ్చాయి, ముప్ఫైకి అటూ ఇటూ. మార్చి మధ్యలో యజమాని టెన్షన్ పడి, మళ్లీ 29 డాలర్ల కూపన్ వేద్దామా అన్నారు. షీటు తీసి చూపించాను. ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది ఆర్-22 ఇళ్లవాళ్లే. రెండతస్తుల ఇళ్లలో పైకొకటి కిందకొకటి రెండు మెషీన్లుంటాయి కాబట్టి కొందరు రెండు రేకులూ చదివి మరీ చేశారు.

వేసవి చివరికి ఆ జాబితా నుంచి ఏడు చేంజవుట్లు వచ్చాయి. నా ఫీజు కాకుండా అచ్చు, పోస్టేజీ కలిపి 2,400 డాలర్ల దాకా ఖర్చయింది. అంటే ఒక్కో చేంజవుట్‌కు 350 లోపే. ఉత్తరం మీద ప్రత్యేక ఫోన్ నంబరు వేశాం, కానీ ఏడుగురిలో ముగ్గురు ఆ నంబరుకు చేయలేదు. ఉత్తరం చదివి, కంపెనీ పేరు గూగుల్‌లో వెతికి, రివ్యూలు చూసి, అక్కడున్న నంబరుకు చేశారు. పనుల చిరునామాలను పంపిన జాబితాతో సరిచూస్తేనే ఆ ముగ్గురూ బయటపడ్డారు. ప్రత్యేక నంబరు ఒక్కదాన్నే నమ్మి ఉంటే సగానికి దగ్గరగా ఫలితం గూగుల్ ఖాతాలోకి పోయేది. మెయిల్ పనిచేయలేదని చెప్పే చిన్న కాంట్రాక్టర్లలో ఎందరి లెక్క ఇలా తప్పిందో.

1,300లో 200 ఇళ్లకు కావాలనే ఏమీ పంపలేదు. వాటి నుంచి ఒక్క చేంజవుట్ కూడా రాలేదు. యజమాని దీన్ని గొప్ప రుజువుగా తీసుకున్నారు, నేను తీసుకోలేదు. 1,100 ఇళ్లకు ఏడు వచ్చాయంటే, ఉత్తరం పంపినా ఆ 200 నుంచి ఒకటో రెండో వచ్చేవి. ఒకటి, సున్నా మధ్య తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. ఇంత చిన్న జాబితాలో పక్కన పెట్టిన ఇళ్లు రుజువు చేసేది తక్కువ. మూడు నాలుగేళ్లు పేరుస్తూ పోతే కాస్త అర్థం వస్తుంది. అందుకే ఆ 200ను ఇప్పటికీ ముట్టుకోనివ్వడం లేదు.

ఇక మిగిలిన చిక్కు, ఈ జాబితా ఏటేటా చిన్నదవుతుంది. ఆర్-22 మెషీన్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి, 2010 తర్వాతి ఇళ్లకు ఈ ఉత్తరం అసలు వర్తించదు. వాటికి ఇంకో ఉత్తరం రాశాం. 2012 నుంచి 2014 మధ్య కట్టిన ఇళ్లలో తయారీదారు ఇచ్చే 10 ఏళ్ల వారంటీ అయిపోయింది. అదే రేకు మీదున్న సీరియల్ నంబరును తయారీదారు వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఉందో లేదో చూసుకోండి, ఉంటే మమ్మల్ని పిలవక్కర్లేదు అని అందులో రాశాం. సీరియల్ నంబరు చూసి వెబ్‌సైట్‌లో కొట్టడం, రేకు మీద ఒక్క మాట చదవడం కన్నా పెద్ద పని. జనం అంత దూరం వస్తారా అన్నది నా అనుమానం. మొత్తం జాబితాకు కాకుండా 300 ఇళ్లకు మాత్రమే పంపాం. వచ్చే ఫోన్లలో ఎంతమంది నిజంగా సీరియల్ నంబరు చూసి చేశారో షీటులో ఒక గడి అదనంగా పెట్టుకున్నాం.